మనం అద్దెకి తీసుకున్న ఈ హాలు ఎవరిది? (అమెరికాలో మన తెలుగు సంఘం వనభోజనాల రోజు మాట్లాడింది, రికార్డింగ్ విని టైప్ చేసింది)

అందరికీ నమస్కారం అండి. వెనక వినపడుతోందా? సరే. కార్తీక వనభోజనాలు అని పేరు పెట్టుకుని చలికి భయపడి హాల్లో కూర్చున్నాం, పర్లేదు, గుమ్మం దగ్గర ఎవరో కుండీలో ఉసిరి మొక్క పెట్టారు, దాంతో సరిపెట్టేసుకుందాం. ఎల్లుండి వెటరన్స్ డే, అంటే మాజీ సైనికుల రోజు కదా, మన సంఘంలో అమెరికా ఆర్మీలో చేసినవాడివి నువ్వొక్కడివే దొరికావు, పులిహోర కలిపేలోపు కాసేపు మాట్లాడు అన్నారు. కాసేపే మాట్లాడతాను, గ్యారెంటీ మాత్రం ఇవ్వను.

ముందు ఒక రిక్వెస్టు. ఆ మూల నల్ల జెండా కప్పిన ఖాళీ కుర్చీ ఉంది చూశారా, దాని మీద ఎవరో హ్యాండ్‌బ్యాగ్ పెట్టారు, కాస్త తీసేయండి. యుద్ధంలో ఖైదీలుగా చిక్కినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు ఉంటారే, వాళ్ళ కుర్చీ అది. ఇక్కడ ప్రతి మీటింగ్‌లోనూ దాన్ని అలా ఖాళీగానే ఉంచుతారు. ఆ, థాంక్స్ అక్కా.

ఈ హాలు మనం ఉగాదికీ తీసుకుంటాం, దీపావళికీ తీసుకుంటాం. అద్దె చవక, పార్కింగ్ బోలెడు, వంట బయటి నుంచి తెచ్చుకుంటే గొడవ చెయ్యరు. ఇది ఎవరిది అని మాత్రం మనం ఎప్పుడూ అడగలేదు. బయట బోర్డు మీద అమెరికన్ లీజియన్ అని రాసి, కింద పోస్ట్ నంబరు ఉంటుంది. లీజియన్ అంటే మాజీ సైనికుల సంఘం, పోస్ట్ అంటే ఊళ్ళో దాని శాఖ. చాలామంది ముసలాళ్ళ బార్ అనుకుంటారు. బార్ ఉన్నమాట నిజమే, ముసలాళ్ళూ నిజమే, కానీ కథ అక్కడితో అయిపోదు.

వెటరన్స్ డే నవంబర్ 11నే ఎందుకు అంటే, 1918లో ఆ రోజు మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. ఆగింది సరే, యూరప్‌లో ఇరవై లక్షల దాకా అమెరికా సైనికులు ఉన్నారు, ఓడలు చాలవు, యుద్ధం లేదు, ఇంటికి పోవడమూ లేదు, నెలల తరబడి బురదలో డ్రిల్లు చేయిస్తున్నారు, కుర్రాళ్ళకి పిచ్చెక్కిపోతోంది. అప్పుడు కొంతమంది ఆఫీసర్లు, వాళ్ళలో పాత ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ గారబ్బాయి థియొడోర్ రూజ్‌వెల్ట్ జూనియర్ కూడా ఉన్నాడు, వీళ్ళు కూర్చుని, ఇంటికెళ్ళాక మనకో సంఘం ఉండాలి అనుకున్నారు. 1919 మార్చి 15న పారిస్‌లో మొదటి మీటింగ్, ఓ వెయ్యి మంది వచ్చారు. మేలో సెయింట్ లూయిస్‌లో ఇంకోటి, సెప్టెంబర్ 16న అమెరికా కాంగ్రెస్ చార్టర్ ఇచ్చేసింది. ఆరు నెలల్లో అయిపోయింది అంతా. మన సంఘం రిజిస్ట్రేషన్‌కి ఎంత పట్టిందో ప్రెసిడెంట్ గారికి తెలుసు. (నవ్వులు)

నాకు ఇందులో బాగా నచ్చింది వాళ్ళ రాజ్యాంగంలో ఒక రూలు. లీజియన్‌లో ర్యాంకు అనేది లేదు, మీటింగ్‌లో ఎవరినీ మిలిటరీ హోదాతో పిలవకూడదు అని రాసుకున్నారు. కల్నల్ గారైనా ఇక్కడ కల్నల్ గారు కాదు. నేను ఆర్మీ నుంచి స్పెషలిస్టుగా బయటికొచ్చాను, అంటే కింది నుంచి లెక్కపెడితే తొందరగా దొరికే ర్యాంకు, సప్లై గోడౌన్‌లో పని. ఈ పోస్టులో నా పక్కన కూర్చుని చిలీ అనే మాంసం కూర తినే పెద్దాయన వియత్నాంలో మేజర్. నేను ఆయన్ని సర్ అంటే తిడతాడు. ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళకి మొదటి నుంచీ ఇందులో పూర్తి సభ్యత్వం, ఓటు. దేశంలో ఆడవాళ్ళందరికీ ఓటు హక్కు 1920లో వచ్చింది, అంటే ప్రెసిడెంటుకి ఓటు వెయ్యలేని రోజుల్లో ఇక్కడ నేషనల్ కమాండర్‌కి, అంటే లీజియన్ మొత్తానికి పెద్దకి, వేశారు. అయితే ఒక ఆడమనిషి నేషనల్ కమాండర్ అవడానికి మాత్రం 2017 దాకా పట్టింది, అది కూడా చెప్పకపోతే బాగోదు.

సరే, సంఘం పెట్టారు, ఎందుకు బతికింది? జెండా ఎగరేసి పాటలు పాడితే వందేళ్ళు బతకదు కదా. బతికింది కాగితాల వల్ల. నవ్వకండి, నిజంగా. యుద్ధం నుంచి కాళ్ళు పోయి, గ్యాస్ పీల్చి ఊపిరితిత్తులు పోయి వచ్చినవాళ్ళకి వైద్యం ఒక ఆఫీసు, ఇన్సూరెన్సు ఇంకో ఆఫీసు, ట్రైనింగ్ మూడో ఆఫీసు, వాడు ఇటూ అటూ తిరగలేక చచ్చేవాడు. లీజియన్ గట్టిగా పోరితే 1921లో అన్నీ కలిపి వెటరన్స్ బ్యూరో పెట్టారు. పెట్టాక దాని మొదటి డైరెక్టర్ చార్లెస్ ఫోర్బ్స్ అనే మహానుభావుడు ఆసుపత్రుల కాంట్రాక్టుల్లో, సామాను అమ్మకాల్లో తినేసి జైలుకెళ్ళాడు. అంటే ఆఫీసు ఒక్కటి పెడితే చాలదు, ఆ ఆఫీసుకి వెళ్ళేవాడి పక్కన ఒక మనిషి ఉండాలి అని వీళ్ళకి అర్థమైంది. అలా గట్టిపడింది సర్వీస్ ఆఫీసర్ అనే పని.

మన ఊళ్ళల్లో ఎమ్మార్వో ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసిపెట్టే పెద్దమనిషి ఉంటాడే, అచ్చం అదే, కాకపోతే ఈయన ట్రైనింగ్ తీసుకుని, ప్రభుత్వం దగ్గర గుర్తింపు తెచ్చుకుని ఉంటాడు, పైసా తీసుకోడు. మన పోస్టులో ఆ గది బార్ వెనకాల ఉంది, ఒక టేబులు, ఒక పాత ప్రింటరు. ఎవరైనా వస్తే మొదట అడిగేది డీడీ 214 ఉందా అని, అది డిశ్చార్జి కాగితం, అది లేకపోతే ఏ పనీ కాదు. తర్వాత ఎక్కడ పనిచేశావు, ఏం పీల్చావు, ఏం విన్నావు, రాత్రి నిద్ర పడుతుందా, ఇవన్నీ అడుగుతాడు. 2022 ఆగస్టులో పాక్ట్ యాక్ట్ అని వచ్చింది, ఇరాక్ అఫ్గానిస్తాన్‌లో చెత్త తగలబెట్టే గోతుల పొగ పీల్చినవాళ్ళకి, వియత్నాంలో అడవుల ఆకులు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ మందు తగిలినవాళ్ళకి, సర్వీసు వల్లే వచ్చాయని ప్రభుత్వం ఒప్పుకునే జబ్బుల లిస్టులో ఇంకొన్ని చేర్చారు, బీపీ కూడా ఏజెంట్ ఆరెంజ్ లిస్టులోకి వచ్చింది. అది వచ్చాక ఆ గది బయట కుర్చీలు చాలలేదు. ఎప్పుడో కొట్టేసిన అర్జీని మళ్ళీ తెరిపించుకోవచ్చని తెలిసి డెబ్బై అయిదేళ్ళాయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను. ఇదే పనికి ఇంటర్నెట్లో బోలెడు కంపెనీలు వచ్చే డబ్బులో వాటా అడుగుతున్నాయి, మీ ఆఫీసుల్లో వెటరన్స్ ఎవరైనా ఉంటే దయచేసి ఈ మాట చెప్పండి, ఇది ఊరికే చేసిపెడతారు అని.

ఇక జీఐ బిల్లు, అంటే యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి చదువుకీ ఇంటికీ సాయం చేసిన చట్టం. ఇది తెలియకపోతే అమెరికా అర్థం కాదు అని నా అభిప్రాయం. రెండో యుద్ధం అవుతోంది, యుద్ధం మొత్తం మీద కోటీ అరవై లక్షల మంది యూనిఫాం వేసుకున్నారు, వీళ్ళందరూ ఒకేసారి ఇంటికొస్తే ఉద్యోగాలేవి? మొదటి యుద్ధం వాళ్ళకి బోనస్ ఇస్తామని 1945లో తీసుకోమన్నారు, మధ్యలో మాంద్యం వచ్చింది, తిండి లేక 1932లో వేలమంది వాషింగ్టన్ వచ్చి గుడిసెలు వేసుకుని ఇప్పుడే ఇవ్వండి అని కూర్చుంటే సొంత సైన్యం చేతే తగలబెట్టించి తరిమారు. ఆ భయం అందరికీ ఉంది. అప్పుడు లీజియన్ పాత నేషనల్ కమాండర్, కాన్సస్ రాష్ట్రం టొపీకా లాయరు, హ్యారీ కోల్మెరీ అనే ఆయన వాషింగ్టన్‌లో మేఫ్లవర్ హోటల్ గదిలో కూర్చుని ఆ హోటల్ కాగితాల మీదే డ్రాఫ్ట్ రాశాడు. చదువుకి ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, పైన బతకడానికి నెల నెలా డబ్బు, ఇంటి లోన్‌కి ప్రభుత్వం గ్యారెంటీ, ఉద్యోగం దొరికేదాకా ఏడాది పాటు వారానికి 20 డాలర్లు. చివర్లో కమిటీలో ఓట్లు సమానమై బిల్లు ఆగిపోయింది, ఒక్క ఓటు కావాలి, ఆ సభ్యుడు జాన్ గిబ్సన్ ఒంట్లో బాగోలేక జార్జియాలో ఉన్నాడు, లీజియన్ వాళ్ళు రాత్రికి రాత్రి ఆయన్ని వెతికి పట్టుకుని కారెక్కించి, విమానం ఎక్కించి తెల్లారేసరికి వాషింగ్టన్‌లో దింపారు. 1944 జూన్ 22న సంతకం అయింది. 1956 నాటికి 78 లక్షల మంది దాంతో చదువో ట్రైనింగో తీసుకున్నారు. మనం మాస్టర్స్‌కి వచ్చిన స్టేట్ యూనివర్సిటీలు చాలావరకు ఆ రద్దీకే అంత పెద్దవయ్యాయి. నల్లవాళ్ళకి మాత్రం అదే బిల్లు చేతికందలేదు, ఎందుకంటే డబ్బు పంచేది ఊళ్ళో బ్యాంకు, ఊళ్ళో ఆఫీసు, మిసిసిపీలో 1947లో ఇచ్చిన మూడు వేల పైచిలుకు లోన్లలో నల్లవాళ్ళకి దక్కినవి రెండు. దక్షిణాదిలో లీజియన్ పోస్టులు కూడా తెల్లవాళ్ళకి వేరు, నల్లవాళ్ళకి వేరు.

ఇప్పుడు మన సంగతికొస్తాను, నేను అసలు చెబ్దామనుకున్నది ఇదే.

భగత్ సింగ్ థిండ్ అని అమృత్‌సర్ దగ్గరాయన, 1913లో ఇక్కడికొచ్చాడు, 1918లో అమెరికా ఆర్మీలో చేరాడు, తలపాగాతో. యూనిఫాంలోనే పౌరసత్వం ఇచ్చారు, నాలుగు రోజుల్లో లాగేసుకున్నారు. మళ్ళీ 1920లో ఇచ్చారు, 1923లో సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి కుదరదు అంది. ఆ రోజుల్లో కాలిఫోర్నియా లీజియన్ ఆసియా వాళ్ళని రానివ్వకూడదు అని గొడవ చేసే గుంపులో ఉంది, అది దాచడానికి లేదు. అయితే 1935లో, మొదటి యుద్ధంలో అమెరికా తరఫున పనిచేసిన ఆసియా సైనికులకి పౌరసత్వం ఇవ్వాలి అని నై లీ చట్టం వచ్చింది చూడండి, దానికి ఇదే లీజియన్ మద్దతిచ్చింది. అలా థిండ్ గారికి 1936లో పౌరసత్వం వచ్చింది. లోపలికి రావద్దు అన్నదీ వీళ్ళే, మాతోపాటు యూనిఫాం వేసుకున్నాడు కాబట్టి వాడు మావాడు అన్నదీ వీళ్ళే.

ఇంకోటి. ఆరెగన్‌లో హుడ్ రివర్ అని ఊరు, యాపిల్ తోటలు, జపాన్ నుంచి వచ్చిన కుటుంబాలు చాలా. అక్కడి లీజియన్ పోస్టు వాళ్ళు ఊళ్ళో సైన్యానికెళ్ళిన వాళ్ళ పేర్లతో ఒక బోర్డు పెట్టారు. 1944 నవంబర్‌లో దాని మీద నుంచి 16 మంది జపనీస్ అమెరికన్ కుర్రాళ్ళ పేర్లు తీసేశారు. తీసేసినప్పుడు ఆ కుర్రాళ్ళు సైన్యంలోనే ఉన్నారు. ఆ పదహారు మందిలో ఫ్రాంక్ హాచియా ఒకడు, జపనీస్ తెలుసు కాబట్టి ఇంటెలిజెన్స్‌లో పెట్టారు, ఫిలిప్పీన్స్‌లో లేటె దీవి మీద దెబ్బ తగిలి 1945 జనవరిలో చనిపోయాడు. దేశమంతా తిట్టింది, పేపర్లు తిట్టాయి, వేరే ఊళ్ళ పోస్టులు తిట్టాయి, విదేశాల్లో ఉన్న తెల్ల సైనికులు ఉత్తరాలు రాశారు, నేషనల్ కమాండరే పేర్లు తిరిగి పెట్టండి అన్నాడు. 1945లో పెట్టారు.

ఇది నాకెందుకు గుచ్చుకుంటుంది అంటే, నేను వచ్చింది కూడా ఆ భాష దారిలోనే. మావ్నీ అని ఒక ప్రోగ్రాం ఉండేది, 2008 చివర్లో ప్రకటించారు, గ్రీన్‌కార్డ్ లేకపోయినా స్టూడెంట్ వీసా మీద ఉన్నా, కావాల్సిన భాషల్లో ఒకటి వచ్చినా, డాక్టరో నర్సో అయినా సైన్యంలో చేరొచ్చు. పదివేల పైచిలుకు మంది చేరారు, 2016లో ఆపేశారు. నేను తెనాలి నుంచి ఎమ్మెస్‌కి వచ్చినవాణ్ణి, మా నాన్నకి ఫోన్ చేసి ఆర్మీలో చేరుతున్నాను అంటే ఆయన మొదట అడిగింది, ఎమ్మెస్ ఫీజు కట్టేశాం కదరా అని. (నవ్వులు) బేసిక్ ట్రైనింగ్ అయిన రోజే చేతిలో పౌరసత్వం పెట్టారు. మీలో చాలామంది గ్రీన్‌కార్డ్ క్యూలో ఎన్నేళ్ళ నుంచి ఉన్నారో నాకు తెలుసు, అందుకే ఈ ముక్క మీ ముందు గట్టిగా చెప్పను. కానీ నా వెనకాల చేరినవాళ్ళని బ్యాక్‌గ్రౌండ్ చెక్ అని ఏళ్ళ తరబడి ఆపేశారు, కొందరిని తీసేశారు, కోర్టుకెళ్ళాల్సి వచ్చింది.

ఆర్మీ నుంచి బయటికొచ్చాక ఈ పోస్టుకి మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర కాస్త ఆలోచించాను. లోపల అందరూ తెల్లజుట్టు, తెల్లరంగు, గోడ మీద తుపాకులు. ఎలా ఉంటారో ఏమో అనుకున్నా. ఒకాయన నా వైపు చూసి ఏ యూనిట్ అన్నాడు, చెప్పాను, కూర్చో అన్నాడు, అంతే. మర్నాడు ఫోన్ చేసి శనివారం అంత్యక్రియలకి ఒక మనిషి తక్కువయ్యాడు, వస్తావా అన్నాడు.

ఆ అంత్యక్రియల పని గురించి చెప్తాను, ఎందుకంటే మన ఊళ్ళో వీళ్ళు చేసే సేవలో ఎక్కువ భాగం అదే, ఎవరి కంటా పడదు. వెటరన్ ఎవరు పోయినా కుటుంబం అడిగితే సైన్యం కనీసం ఇద్దరిని పంపాలని చట్టం ఉంది, వాళ్ళు జెండా మడిచి ఇస్తారు, టాప్స్ అని బ్యూగిల్ వాయిస్తారు. తుపాకులు పేల్చాలంటే మాత్రం ఎక్కువమంది కావాలి, ఆ మనుషుల్ని చాలా చోట్ల ఊరి పోస్టే పంపుతుంది. పాత ఎమ్ వన్ రైఫిళ్ళు ఆర్మీ వాళ్ళు అప్పుగా ఇస్తారు. మూడు సార్లు పేలుస్తారు. ఇరవై ఒక్క తుపాకుల వందనం అంటారు అందరూ, కాదు, అది ఫిరంగులతో చేసేది, వేరు, ఇది మూడు రౌండ్లు. మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు గడ్డకట్టే చలిలో తిన్నగా నిలబడతారు. ఒక్కోసారి చనిపోయినాయనకి ఎవరూ ఉండరు, పాస్టరూ మేమూ, మడిచిన జెండా ఎవరి చేతిలో పెట్టాలో తెలీదు.

పిల్లల సంగతి చెప్పమని అక్కయ్యలు సైగ చేస్తున్నారు, చెప్తాను, ఇది నోట్ చేసుకోండి. లీజియన్ బేస్‌బాల్ 1925లో సౌత్ డకోటాలో మిల్‌బ్యాంక్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది, ఇప్పటికీ వేసవిలో ఆడిస్తారు, మనవాళ్ళు క్రికెట్ అంటారు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. బాయ్స్ స్టేట్ అని ఇంకోటి, 1935లో ఇల్లినాయ్‌లో మొదలైంది, హైస్కూల్లో జూనియర్ ఇయర్, అంటే పదకొండో క్లాసు, అయ్యే అబ్బాయిల్ని వేసవిలో ఓ వారం తీసుకెళ్ళి ఉత్తుత్తి రాష్ట్రం నడిపిస్తారు, ఎన్నికలు, అసెంబ్లీ, అన్నీ. అక్కణ్ణుంచి కొందరు వాషింగ్టన్ వెళ్తారు, 1963లో అలా వెళ్ళి కెనెడీతో చెయ్యి కలిపిన పదహారేళ్ళ కుర్రాడే బిల్ క్లింటన్. అమ్మాయిలకి గర్ల్స్ స్టేట్ ఉంది, దాన్ని లీజియన్ ఆక్సిలరీ అనే అనుబంధ సంఘం వాళ్ళు నడుపుతారు.

మన పిల్లలకి అచ్చంగా సరిపోయేది మాత్రం ఒరటారికల్ కాంటెస్ట్, అంటే వక్తృత్వం, 1938 నుంచి ఉంది. అమెరికా రాజ్యాంగం మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు, కాగితం చూడకుండా. తర్వాత వాళ్ళిచ్చిన టాపిక్ మీద మూడు నుంచి అయిదు నిమిషాలు. దేశం మొత్తం మీద ఫస్ట్ వస్తే ఇప్పుడు 25,000 డాలర్ల స్కాలర్‌షిప్. మన పిల్లలు స్పెల్లింగ్ బీలకి డిక్షనరీలు మింగేస్తున్నారు, పోయినసారి మన పోస్టు లెవెల్ పోటీకి వచ్చింది ఎంతమందో తెలుసా, ఒకమ్మాయి. ఒక్కతే. జడ్జీలు ముగ్గురు, పిల్ల ఒకతి. ఒకటి ముందే చెప్తున్నాను, పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి, హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకి కుదరదు. నాకూ బాధగానే ఉంది, అది ఈ పోస్టు చేతిలో లేదు.

లీజియనేర్స్ డిసీజ్ అంటారు కదా అదీ వీళ్ళేనా అని పొద్దున ఎవరో అడిగారు. అవును, 1976 జులైలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో పెన్సిల్వేనియా లీజియన్ మహాసభ జరిగింది, వెళ్ళొచ్చినవాళ్ళు వరసగా న్యుమోనియాతో పడిపోయారు, చుట్టుపక్కల వాళ్ళతో కలిపి 34 మంది పోయారు. ఆర్నెల్లు ఏమిటో తెలీలేదు, 1977 జనవరిలో అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీలో జోసెఫ్ మెక్‌డేడ్ ఆ బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. ఏసీ కూలింగ్ టవర్ల నీళ్ళల్లో పెరుగుతుంది అది. ఈ హాల్లో విండో ఏసీలే, కంగారు పడకండి.

రెండో యుద్ధం అయిన కొత్తలో లీజియన్‌లో 33 లక్షల మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు ఇరవై లక్షలు కూడా లేరు. మన పోస్టులో మీటింగ్‌కి వచ్చేవాళ్ళలో నేనే చిన్నవాణ్ణి, పెద్ద డబ్బాలు ఎత్తే పని, వైఫై బాగుచేసే పని నాదే. నా వయసు వెటరన్లు రారు, వాళ్ళకి ఫేస్‌బుక్ గ్రూపు చాలు. కానీ ఫేస్‌బుక్ గ్రూపు రైఫిల్ పట్టుకుని స్మశానంలో నిలబడదు. మనవాళ్ళు హాలు అద్దె కట్టి, ఊడ్చి, తాళాలిచ్చి వెళ్ళిపోతాం. ఆదివారం పొద్దున వీళ్ళు పాన్‌కేకులు వేస్తారు, ఎవరైనా రావచ్చు, ఆ డబ్బే సర్వీస్ ఆఫీసర్ ప్రింటర్ ఇంకుకి పోతుంది. రండి. ఇడ్లీ ఒకసారి మనం పెడదాం అని కూడా నేను అడిగి ఉంచాను, సాంబార్ కారం తగ్గించమన్నారు.

ఇంకో చిన్నది, మీ ఇళ్ళ ముందు ఎండకి వెలిసిపోయిన జెండాలు ఉంటే చెత్తలో వెయ్యకండి, బయట పోస్టుబాక్స్ లాంటిది ఉంది, అందులో వెయ్యండి, జూన్ 14న ఫ్లాగ్ డేకి వీళ్ళు పద్ధతిగా దహనం చేస్తారు.

ప్రశ్నలా? ఆ, అంకుల్, చెప్పండి. మైక్ ఇవ్వండ్రా ఆయనకి.

అంకుల్ అడుగుతున్నది ఏంటంటే, ఆయన ఇండియన్ ఆర్మీలో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్నారు, ఆయన ఇందులో చేరొచ్చా అని. కుదరదు అంకుల్, అమెరికా సైన్యంలో చేసినవాళ్ళకే మెంబర్‌షిప్. కానీ పాన్‌కేకులకి మెంబర్‌షిప్ అక్కర్లేదు, మీరు రండి, నేను తీసుకెళ్తాను, 71 యుద్ధం గురించి చెప్తే ఆ మేజర్ గారు మిమ్మల్ని మధ్యాహ్నం దాకా వదలరు. అన్నట్టు నవంబర్ కదా, మీరు పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా? ఇవ్వలేదా? ఇండియన్ కాన్సులేట్ వాళ్ళు దాని కోసం క్యాంపులు పెడుతుంటారు, మీ పెన్షన్ ఆర్డరు (పీపీఓ) నంబరు, పాస్‌పోర్టు పట్టుకుని భోజనం అయ్యాక నా దగ్గరికి రండి, ఫోన్లో చూసి పెడతాను.